మీ సౌండ్ ఎఫెక్ట్స్, మ్యూజిక్ లూప్స్ ఆన్‌లైన్‌లో పెట్టేదెట్ల: రికార్డింగ్ నుంచి అప్‌లోడ్ దాకా

“అన్నా, ధర్మవరంలో మగ్గం సౌండ్ ఫోన్‌లో పట్టినా, ఎట్ల అప్‌లోడ్ చేయాల?” “నా లూప్ తిరిగి మొదటికొచ్చేటప్పుడు టక్కుమంటాంది, ఎందుకు?” “నేనే రికార్డ్ చేసిన సౌండ్ కదా, సైటోళ్ళు ఎందుకు తీసేసినారు?” తిప్పి తిప్పి ఈ మూడు ప్రశ్నలే వస్తా ఉన్నాయి. (లూప్ అంటే ఆగకుండా మళ్ళా మళ్ళా తిప్పి వాయించుకునే చిన్న ముక్క.) ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేదానికంటే ఒకేచోట వరసగా రాసేద్దామని కూర్చున్నా.

ఒక్క మాట గుర్తు పెట్టుకోని చదవండి. మీ ఫైల్ తీసుకునే మనిషి యాడో బ్రెజిల్‌లోనో పోలాండ్‌లోనో అర్ధరాత్రి గేమ్ చేసుకుంటా ఉంటాడు, ఆయనకు మీరెవరో తెలీదు, మీకు మెసేజ్ పెట్టే టైమ్ కూడా ఉండదు. ఆ మనిషి మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా మీ సౌండ్ వాడుకోగలగాల. కింద చెప్పేదంతా దానికోసమే.

1. ముందు ఇది చూసుకోండి: ఆ సౌండ్ నిజంగా మీదేనా?

చాలామంది ఈ మెట్టు చివర్లో చూస్తారు. రికార్డింగ్ అయిపోయి, ఎడిటింగ్ అయిపోయి, అప్‌లోడ్ చేసినాక తెలుస్తాది అది పెట్టకూడదని. అందుకే దీన్నే మొదట పెట్టినా, ఎక్కువసేపు కూడా దీనిమీదే చెప్తా.

రికార్డ్ బటన్ నొక్కింది మీరైనంత మాత్రాన లోపల వినిపించేదంతా మీది కాదు. నా సంగతే చెప్తా. పాతూరులో పొద్దున్నే కూరగాయల మార్కెట్ సౌండ్ 11 నిమిషాలు పట్టినా, గంపలు దించే చప్పుడు, తక్కెడ చప్పుడు, బేరాలు, అంతా బ్రహ్మాండంగా వచ్చింది. ఒక సైట్‌లో పెడితే రెండోరోజుకే తిరిగొచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోని మళ్ళా వింటే తెలిసింది, టీ బంకు స్పీకర్‌లో సినిమా పాట చాలాసేపు వెనకాల మోగతా ఉంది. అక్కడ నిలబడినప్పుడు అది నా చెవికి పట్టనే లేదు, ఎందుకంటే మనకు రోజూ అలవాటైన చప్పుడది. పాట లేని చోట్లు మాత్రం కత్తిరించుకుంటే 3 నిమిషాల 20 సెకన్లు మిగిలింది, అదే పెట్టినా, అది నిలబడింది.

మన ఊర్లలో ఇది పెద్ద సమస్యే. పెండ్లి ఇంటి మైక్‌సెట్, ఆటోలో పాట, గుడి స్పీకర్, పక్కింటి టీవీ సీరియల్, ఏదో ఒకటి లోపలికి వచ్చేస్తాది. నాయిస్ రిడక్షన్ పెట్టి పాటను తీసేద్దామని చూడొద్దండి, పోదు, పైగా మిగతా సౌండ్ చెడిపోతాది. కత్తిరించడం, లేదా ఇంకోరోజు మళ్ళా పోయి పట్టుకోవడం, ఇవి రెండే దారులు.

ఇంక మ్యూజిక్ లూప్స్ చేసేవాళ్ళు చేసే తప్పు వేరే ఉంటాది. గ్యారేజ్‌బ్యాండ్ మ్యూజిక్ యాప్‌లోనో, సౌండ్ ముక్కలు అమ్మే స్ప్లైస్ సైట్‌లోనో, కొన్న ప్యాక్‌లోనో ఉన్న లూప్ తీసుకోని దానిమీద కొంచెం ఎఫెక్ట్ వేసి “నా లూప్” అని పెడతారు. “రాయల్టీ ఫ్రీ అని రాసినారు కదన్నా” అంటారు. రాయల్టీ ఫ్రీ అంటే మీ పాటలో వాడుకోవచ్చు అని, మళ్ళా విడి లూప్‌గా పంచిపెట్టొచ్చు అని కాదు. అట్ల పంచేదానికి దాదాపు ఏ ప్యాక్ లైసెన్సూ ఒప్పుకోదు.

ఆర్కెస్ట్రాల్లో వాయించే తమ్ముళ్ళకు ఇంకొక మాట. మన దగ్గర ఆక్టాప్యాడ్ టోన్లు, కీబోర్డ్ స్టైల్స్ మెమరీ కార్డుల్లో చేతులు మారతా ఉంటాయి. అవి ఎవరో ఒకరు రికార్డ్ చేసిన శాంపిల్సే (పాటల్లో వాడుకునే చిన్న సౌండ్ ముక్కలు). స్టేజి మీద వాయించుకోవడం వేరు, వాటిని ఒక్కొక్క దెబ్బగా విడగొట్టి “తెలుగు డప్పు వన్‌షాట్స్” అని అప్‌లోడ్ చేయడం వేరు, రెండోది చేయొద్దండి. కీబోర్డ్‌లో ఆటోమేటిక్‌గా వాయించే స్టైల్ రికార్డ్ చేసి పెట్టడం కూడా అంతే. మీ చేత్తో వాయించిన ట్యూన్ అయితే సరే, అప్పుడు కూడా ఆ సౌండ్ ఇచ్చే ప్లగిన్ (కంప్యూటర్‌లో వాద్యం లాగా పనిచేసే సాఫ్ట్‌వేర్) లైసెన్స్‌లో లూప్స్‌గా పంచొచ్చా లేదా అనేది ఒకసారి చదవండి. ఏఐ టూల్‌తో పుట్టించిన సౌండ్ అయితే ఆ మాట వివరణలో రాయండి, మీరే రికార్డ్ చేసినట్టు పెట్టొద్దండి.

2. ఇంకొకరు వాయించింది, పాడింది రికార్డ్ చేస్తే

మన అనంతపురం, కర్నూలు, కడప వైపు పట్టుకోదగ్గ వాద్యాలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఉరుములు అనే డోళ్ళు, గొరవయ్యల పిల్లనగ్రోవి, చెక్కభజన చెక్కలు, పలక (తోలు బిగించిన డప్పు). వీటి శాంపిల్స్ ఆన్‌లైన్‌లో వెతికితే దొరికేది చాలా తక్కువ. అందుకే మీరు పెట్టాలని నాకు నిజంగా కోరిక. కానీ అడిగి పెట్టాల.

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ఉంది కదా, దాన్ని 2012లో సవరించినప్పుడు 38ఎ అనే సెక్షన్ వచ్చింది. వాయించిన మనిషికి తన వాయింపు మీద హక్కు ఉంది, ఆయన ఒప్పుకోకుండా రికార్డ్ చేయడానికి గానీ పంచడానికి గానీ లేదు. ట్యూన్ తాతల కాలందే కావచ్చు, ఎవరి సొత్తూ కాకపోవచ్చు, కానీ ఆరోజు ఆ చేతుల్లో నుంచి వచ్చిన వాయింపు ఆ మనిషిదే. ఆ హక్కు 50 ఏళ్ళు ఉంటాది.

కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో పలక వాయించే తాత దగ్గరికి పోయినా ఒకసారి. ఇంటిముందు చెత్త పోగేసి చిన్న మంట పెట్టి పలకను దాని దగ్గర అటూ ఇటూ తిప్పతా కాచినాడు, మధ్యమధ్యలో వేలితో తట్టి చూస్తా. మొదట “దబ్” అని మెత్తగా పలికేది కాస్తా తోలు బిగిసేకొద్దీ “టంగ్” అని గట్టిపడింది. నేను మైక్ ఆన్‌లోనే పెట్టినందుకు ఆ మారడం మొత్తం దొరికింది, ఈరోజుకీ నా దగ్గరున్న వాటిల్లో నాకు బాగా ఇష్టమైన రికార్డింగ్ అదే.

వాయించేముందు ఆయన అడిగినాడు, “ఇది తీస్కపోయి ఏం జేస్తావు నాయనా?” అని. ఆన్‌లైన్‌లో పెడతా తాతా, యా దేశమోళ్ళైనా తీసుకోని వాళ్ళ పాటల్లో వాడుకోవచ్చు, మనకు డబ్బులు రావు అని ఉన్నదున్నట్టు చెప్పినా. కొంచెంసేపు ఊరకుండి, “డబ్బు రాకపోతే పాయ, మా ఊరి పేరు రాయి, నా పేరు రాయి” అన్నాడు. ఆ ఒక్క మాటతో లైసెన్స్ ఏది పెట్టాలో తేలిపోయింది, 9వ మెట్టులో చెప్తా.

ఇట్ల పోయినప్పుడు చేయాల్సినవి:

- యాడ పెడతారు, ఎవరు వాడుకుంటారు, డబ్బులు వస్తాయా రావా, ఒకసారి పెట్టినాక వెనక్కి తీసుకోలేమనేది, అన్నీ ఆయన భాషలో చెప్పండి.
- ఆయన “సరే” అన్న మాట కూడా రికార్డ్ చేసి విడిగా దాచుకోండి. దాన్ని అప్‌లోడ్ చేయొద్దండి.
- ఆరోజు కూలి ఇవ్వండి. ఒక పూట పోగొట్టుకోని మీకు వాయించినాడు.
- పేరు ఎట్ల రాయాలో ఆయన్నే అడగండి, కొందరికి ఇంటిపేరు కావాల, కొందరికి ఊరి పేరు మాత్రమే కావాల.

మామూలు మనుషుల మాటలు పడినా జాగ్రత్త. ఫోన్ నంబర్ చెప్పుకునేది, ఇంటి గొడవలు, పిల్లల పేర్లు పెట్టి పిలిచేది, ఇట్లాంటివి స్పష్టంగా వినిపిస్తే ఆ ముక్క కోసేయండి.

3. పోయేముందు సిద్ధం చేసుకోవాల్సినవి

రికార్డర్ ఉంటే మంచిదే, లేకపోతే ఫోన్‌తో మొదలుపెట్టండి. ఫోన్‌లో మామూలుగా వచ్చే రికార్డర్ ఎక్కువగా సౌండ్‌ను కుదించి దాచుకుంటాది. సెట్టింగ్స్‌లో కుదించని వేవ్ (WAV) ఫార్మాట్ ఉందేమో చూడండి, లేకపోతే వేవ్ ఇచ్చే యాప్ వేసుకోండి. ఐఫోన్ వాయిస్ మెమోస్‌లో అయితే క్వాలిటీ దగ్గర లాస్‌లెస్ అని మార్చుకోవాల. నాయిస్ సప్రెషన్, ఆటో గెయిన్ లాంటివి ఆఫ్. అవి ఆన్‌లో ఉంటే చప్పుడు లేనప్పుడు వెనకాల హోరు పెరగడం, చప్పుడు రాగానే తగ్గిపోవడం, ఊపిరి పీల్చినట్టు వినిపిస్తాది, దాన్ని తర్వాత సరిచేయలేరు.

సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకోండి. స్టీరియో అయితే నిమిషానికి 17 ఎంబీ పైన పడతాది, అందుకని మెమరీ ఖాళీ చూసుకోని పోండి.

గాలి సంగతి మనకు ముఖ్యం. ఆషాఢంలో మన జిల్లాలో గాలి ఎట్ల కొడతాదో మీకు తెలుసు, గాలిమరలు ఊరికే పెట్టలేదు. మైక్ మీద స్పాంజి ఒక్కటే చాలదు, దానిమీద బొచ్చు గుడ్డ తొడుగు కావాల. కొనలేకపోతే పిల్లల బొచ్చు బొమ్మ గుడ్డ కుట్టించుకున్నా పనిచేస్తాది. అదీ లేకపోతే గోడ చాటుకు పోయి, గాలికి వీపు పెట్టి, కింద కూర్చోని పట్టండి.

బయలుదేరేముందు:

- బ్యాటరీ ఫుల్, ఫోన్ ఏరోప్లేన్ మోడ్
- వైర్ హెడ్‌ఫోన్స్, బ్లూటూత్ వద్దు
- గాలి తొడుగు
- గలగలలాడని కాటన్ బట్టలు, చేతికి గాజులు, కడియం, చేతి గడియారం తీసేయండి
- నోట్‌బుక్, పెన్ను

టైమ్ విషయానికొస్తే పొద్దున 5 గంటలకు దొరికే నిశ్శబ్దం ఇంక రోజంతా దొరకదు. ఇంట్లో చిన్న చిన్న సౌండ్స్ పట్టుకునేవాళ్ళకు కరెంటు పోయినప్పుడు మంచి సమయం, ఫ్యాన్ లేదు, ఫ్రిజ్ లేదు, వీధి మొత్తం మోటార్లు లేవు. నేనైతే కరెంటు పోతానే రికార్డర్ తీస్తా.

4. రికార్డ్ చేసే వరస

ఒకటి, మైక్ పెట్టి 30 సెకన్లు ఏమీ చేయకుండా ఊరికే ఆ చోటు చప్పుడు పట్టండి. రూమ్ టోన్ అంటారు దీన్ని. తర్వాత హోరు తీసేటప్పుడు, ఖాళీలు పూడ్చేటప్పుడు ఇదే కావాల.

రెండు, నోటితో చెప్పండి: “ఇది ఫలానా, ఇన్ని అడుగుల దూరం, ఈ తేదీ.” నెల తర్వాత 60 ఫైళ్ళు ముందేసుకున్నప్పుడు మీకే మీరు మొక్కుకుంటారు.

మూడు, లెవెల్. ఎంత గట్టి దెబ్బ కొట్టినా మీటర్ మైనస్ 12 డీబీ (డెసిబెల్) దగ్గర ఉండేట్టు పెట్టుకోండి, పొరపాటున మైనస్ 6కి పోయినా పర్వాలేదు. సున్నాకు తగిలిందా, సౌండ్ తల తెగిపోతాది, అది తిరిగి రాదు. పలక లాంటివి మరీ మోసం చేస్తాయి, ట్రయల్ అప్పుడు మెల్లగా కొట్టి అసలు టేక్‌లో రెచ్చిపోతారు, అందుకని “తాతా, అన్నిటికంటే గట్టిగా ఒక దెబ్బ కొట్టు” అని అడిగి దానికి లెవెల్ పెట్టండి.

నాలుగు, ఒకే సౌండ్ చాలాసార్లు పట్టండి. గేమ్‌లో నడిచే చప్పుడు ఒక్కటే ఫైల్ ఉంటే నాలుగు అడుగులకే మిషన్ లాగా వినిపిస్తాది. కడప బండల మీద ఉత్త కాళ్ళతో 8 అడుగులు, రబ్బరు చెప్పులతో 8 అడుగులు, నీళ్ళు చల్లిన బండ మీద ఇంకొక 8, ఇట్ల ఇస్తే వాడేవాళ్ళకు పండగ.

ఐదు, దగ్గర నుంచి ఒకసారి, దూరం నుంచి ఒకసారి. చెనిక్కాయలు వలిచే మిషన్ పక్కన నిలబడితే వచ్చేది వేరు, గోడకవతల నుంచి వినిపించేది వేరు, సినిమా సౌండ్ చేసేవాళ్ళకు రెండోదే ఎక్కువ కావాల. అట్లనే మొదలు, చివర కూడా వదలొద్దండి. బోరు మోటార్ ఆన్ చేసినప్పుడు నీళ్ళకంటే ముందు పైపులో నుంచి గాలి తోసుకోని వస్తాది చూడండి, బుస్సు బుస్సుమని దగ్గినట్టు, ఆ 10 సెకన్లే ఆ రికార్డింగ్‌కు ప్రాణం.

5. ఎడిటింగ్: సౌండ్ ఎఫెక్ట్స్‌కు

ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అదే చాలు. అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా కాపీ మీద పని చేయండి, అసలుది రెండు చోట్ల దాచండి.

మొదట అంతా ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో వినండి, పనికొచ్చే చోట్లు గుర్తు పెట్టుకోండి. తర్వాత విడివిడిగా కోయండి, ముందు అర సెకను మించి ఖాళీ వద్దు, కానీ చివర సౌండ్ పూర్తిగా ఆరిపోయేదాకా వదలండి. బిందె బండ మీద పెట్టినాక ఆ మోత తేలిపోయేదానికి 2, 3 సెకన్లు పడతాది, దాన్ని తుంచేస్తే రేకు డబ్బాలాగా అయితాది.

రెండు కొనలకూ 5 నుంచి 10 మిల్లీసెకన్ల చిన్న ఫేడ్ (సౌండ్ మెల్లగా లేవడం, మెల్లగా తగ్గడం) వేయండి, క్లిక్ రాదు. అడుగున గుడగుడ ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (దానికంటే కింది చప్పుడు తగ్గించేది). సన్నని గుమ్ము వినిపిస్తాంటే అది కరెంటుది, మన దేశంలో 50 హెర్ట్జ్, దాని రెట్లు 100, 150 దగ్గర కూడా ఉంటాది, నాచ్ ఫిల్టర్‌తో ఆ మూడు చోట్లే తగ్గించండి.

నాయిస్ రిడక్షన్ విషయంలో చెయ్యి అదుపులో పెట్టుకోండి. రూమ్ టోన్‌ను నాయిస్ ప్రొఫైల్‌గా ఇచ్చి 6 నుంచి 9 డీబీ దాకా చాలు. ఎక్కువ చేస్తే సౌండ్ నీళ్ళల్లో మునిగినట్టు గులగులమంటాది. కొంచెం హోరు ఉన్న మంచి సౌండ్‌ను ఎవరైనా వాడుకుంటారు, గులగుల సౌండ్‌ను ఎవరూ ముట్టుకోరు.

రివర్బ్ (గది మోత), ఈకో మీరు కలపొద్దండి. కావాలనుకున్నవాళ్ళు కలుపుకుంటారు, కలిపినదాన్ని తీసేయడం మాత్రం వాళ్ళ చేతుల్లో ఉండదు.

6. ఆంబియెన్స్ లూప్: నడిమికి కోసి తిప్పేసే పద్ధతి

వాన, గాలి, రైల్వే స్టేషన్, చెరువుగట్టు కప్పలు, ఇట్లాంటివి లూప్ చేసేటప్పుడు చివర నుంచి మొదటికి పోయేచోట అతుకు తెలుస్తాది. దీనికి ఒక పాత కిటుకు ఉంది, నేర్చుకుంటే జన్మంతా పనికొస్తాది.

- 60 సెకన్ల ముక్క తీసుకోండి. ఎక్కడా ఒంటరి హారన్, కుక్క అరుపు లేని ముక్క చూసుకోండి, ఎందుకంటే అదే కుక్క ప్రతి నిమిషం అరిస్తే లూప్ అని పట్టేస్తారు.
- సరిగ్గా 30 దగ్గర రెండుగా కోయండి.
- రెండో సగాన్ని ముందుకు, మొదటి సగాన్ని వెనక్కు జరపండి.
- ఇప్పుడు ఫైల్ మొదలూ చివరా రెండూ ఆ 30వ సెకను దగ్గరివే, అంటే మామూలుగానే అతుక్కోని ఉన్న చోటు. అక్కడ అతుకు ఉండదు.
- మిగిలింది మధ్యలో అతుకు. రెండు ముక్కలను వేరే వేరే ట్రాకుల్లో 4 సెకన్లు ఒకదానిమీద ఒకటి వచ్చేట్టు పెట్టి క్రాస్‌ఫేడ్ ట్రాక్స్ (ఒకటి తగ్గతా ఉంటే ఇంకొకటి లేచేట్టు కలపడం) వేయండి, టైప్ కాన్‌స్టంట్ పవర్ పెట్టండి, లేకపోతే అతుకు దగ్గర సౌండ్ కుంగుతాది.

56 సెకన్ల లూప్ వస్తాది. కళ్ళు మూసుకోని 10 సార్లు తిప్పి వినండి, ఎక్కడ మొదలైతాందో కనుక్కోలేకపోతే అది అయినట్టు. కొనల్లో ఫేడ్ మాత్రం వేయకూడదు, 5వ మెట్టులో చెప్పిన ఫేడ్ విడి సౌండ్స్‌కే.

7. మ్యూజిక్ లూప్: లెక్క తప్పితే ఎవరికీ పనికిరాదు

సూత్రం ఒకటే: బీట్స్‌ను 60తో గుణించి బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్స్ అనే లెక్క) భాగిస్తే సెకన్లు వస్తాయి. 4 బార్లు, బార్‌కు 4 బీట్స్ అంటే 16 బీట్స్. 120 బీపీఎంలో 8 సెకన్లు, 100లో 9.6 సెకన్లు, 80లో 12 సెకన్లు. 100 బీపీఎం లూప్ 48 కిలోహెర్ట్జ్‌లో సరిగ్గా 4,60,800 శాంపిల్స్ ఉండాల (ఇక్కడ శాంపిల్ అంటే సౌండ్‌ను కొలిచిన ఒక్కొక్క చుక్క, సెకనుకు 48,000). ఫైల్ పొడవు 9.71 సెకన్లు ఉందంటే యాడో తప్పు జరిగింది, నాలుగుసార్లు తిరిగేలోపే పాట నుంచి జారిపోతాది.

చివర్లో రివర్బ్ తోక తెగిపోయి టక్కుమనడం రెండో సమస్య. దానికి లూప్‌ను టైమ్‌లైన్‌లో రెండుసార్లు వరసగా పెట్టి రెండో దాన్ని మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేయండి, మొదటిదాని తోక రెండోదాని తలలోకి వచ్చి కలుస్తాది. ఎఫ్‌ఎల్ స్టూడియో వాడేవాళ్ళకు ఎక్స్‌పోర్ట్‌లో ర్యాప్ రిమెయిండర్ (Wrap remainder) అని ఉంటాది, అదే పని చేస్తాది. అప్పటికీ క్లిక్ ఉంటే కోసిన చోటు జీరో క్రాసింగ్ (సౌండ్ అల సున్నా గీతను దాటే చోటు) కాదన్నమాట, ఆడాసిటీలో సెలెక్ట్ చేసి జెడ్ కీ నొక్కితే దగ్గరలోని జీరో క్రాసింగ్‌కు జరుపుతాది, దానితో కొనలు రవ్వంత కదులుతాయి కాబట్టి పొడవు మళ్ళా చూసుకోండి.

ఇంక చేత్తో వాయించిన వాటి సంగతి. పలక తాత 105 దగ్గర మొదలుపెట్టి ఊపు వచ్చేకొద్దీ 118 దాకా పోయినాడు. క్లిక్ ట్రాక్ (తాళానికి టకటకమనే చప్పుడు) చెవిలో పెట్టి వాయించమంటే ఆ ఊపు చచ్చిపోతాది, అడగొద్దండి. దానికి బదులు మొత్తం పట్టుకోండి, తర్వాత మొదటి దెబ్బ నుంచి 16 బీట్స్ అయినాక వచ్చే దెబ్బ దాకా కొలవండి. నాకు ఒకచోట 9.14 సెకన్లు వచ్చింది, 960ని 9.14తో భాగిస్తే 105.03. దాన్ని 105కు అతిసన్నగా సాగదీస్తే చెవికి తేడా తెలీదు, బయటోళ్ళ ప్రాజెక్ట్‌లో టకీమని కూర్చుంటాది. దెబ్బలన్నీ గ్రిడ్‌కు లాగి అతికించొద్దండి, ఆ కొంచెం ముందూ వెనకా ఉండేదే ఆ వాయింపు. ఊపు పెరిగే మొత్తం టేక్ కూడా టెంపో ఫ్రీ అని రాసి వేరే ఫైల్‌గా పెట్టండి.

8. లెవెల్, ఫార్మాట్, పేరు, వివరణ

విడి దెబ్బలు, ఎఫెక్ట్స్ మైనస్ 1 డీబీ పీక్‌కు నార్మలైజ్ చేయొచ్చు (అన్నిటికంటే గట్టి చోటు ఆ లెవెల్‌కు వచ్చేట్టు చేయడం). లూప్స్ మైనస్ 6 నుంచి మైనస్ 3 మధ్య వదలండి, లిమిటర్, మాస్టరింగ్ ఏమీ వద్దు. ఆంబియెన్స్‌ను మాత్రం లాగి పెంచొద్దండి, నిశ్శబ్దమైన చోటు నిశ్శబ్దంగానే ఉండాల. ఫోన్ మోనో రికార్డింగ్‌ను రెండు ఛానల్స్‌లో కాపీ చేసి స్టీరియో అని రాయడం కూడా వద్దు.

ఫైల్ వేవ్ లేదా ఫ్లాక్ (FLAC, క్వాలిటీ పోకుండా కుదించేది). ఎంపీ3 ఎందుకు వద్దంటే, దాంట్లోకి మార్చేటప్పుడు మొదట్లో చివర్లో కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ చేరతాది, లూప్ అక్కడే తడబడతాది. ఎంపీ3ని మళ్ళా వేవ్‌గా మారిస్తే పోయిన క్వాలిటీ రాదు, సైజు మాత్రం పెరుగుతాది. స్నేహితునికి వాట్సాప్‌లో పంపి మిక్స్ చేయించుకునేవాళ్ళు డాక్యుమెంట్‌గా పంపండి, వాయిస్ మెసేజ్‌గా పంపితే కుదించేస్తాది.

పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి, చదివితే ఏం సౌండో తెలియాల. “న్యూ రికార్డింగ్ 27” అని ఎవరూ వెతకరు. నేను పెట్టే వరస: వస్తువు, పని, దూరం, నంబర్. పలక, లూప్, 105 బీపీఎం, 01, ఇట్ల.

వివరణ తెలుగులో ఒకటి రెండు వాక్యాలు, మిగతా ఇంగ్లిష్‌లో. ట్యాగుల్లో పలక అని మాత్రమే రాస్తే మనోళ్ళు తప్ప ఎవరూ చేరరు, ఫ్రేమ్ డ్రమ్, పెర్కషన్, ఇండియా, ఫోక్ అని కూడా రాయండి. అట్లని సంబంధం లేని పాపులర్ ట్యాగులు దూర్చొద్దండి.

వివరణలో ఉండాల్సినవి:

- ఏం సౌండ్, ఏ వస్తువు, ఎవరు వాయించినారు
- ఊరు, నెల, సంవత్సరం
- మైక్ లేదా ఫోన్, ఎంత దూరం
- ఏం ఎడిట్ చేసినారు, ఎంత హోరు తీసినారు
- లూప్ అయితే బీపీఎం, బార్లు, శృతి ఉంటే శృతి
- తెలిసిన లోపం ఏదైనా ఉంటే అది కూడా, “22వ సెకను దగ్గర దూరంగా హారన్” అని

ఇంట్లో పట్టిన సౌండ్‌కు మ్యాప్ లొకేషన్ పెట్టొద్దండి, ఊరి పేరు చాలు.

9. లైసెన్స్ ఎంచుకోవడం

అందరూ వాడుకునేట్టు ముందే రాసిపెట్టిన క్రియేటివ్ కామన్స్ (సిసి) లైసెన్సుల్లో మనకు పనికొచ్చేవి మూడు. సిసి జీరో అంటే హక్కులన్నీ వదిలేసినట్టు, పేరు కూడా చెప్పక్కర్లేదు. సిసి బై అంటే దేనికైనా వాడుకోవచ్చు, పేరు చెప్పాల. సిసి బై ఎన్‌సి అంటే పేరు చెప్పాల, వ్యాపారానికి వాడకూడదు.

నా మాట అడిగితే, బిందె చప్పుడు, అడుగుల చప్పుడు, గాలి లాంటివి సిసి జీరో పెట్టేయండి. గేమ్‌లో 300 సౌండ్స్ వాడేవాళ్ళు ప్రతి అడుగు చప్పుడుకూ పేరు రాయలేరు. మనిషి వాయించింది, మీరు కూర్చోని కట్టిన ట్యూన్, ఇవి సిసి బై. తాత అడిగింది పేరు కదా, అందుకే ఆ పలక ప్యాక్ మొత్తం సిసి బై 4.0లో పెట్టి, పేరు ఎట్ల రాయాలో ఆ వాక్యం కూడా కాపీ చేసుకునేట్టు వివరణ మొదట్లోనే రాసినా.

ఎన్‌సి అంటే భద్రంగా అనిపిస్తాది గానీ, యూట్యూబ్‌లో యాడ్స్ పెట్టుకున్న చిన్న ఛానల్ పిల్లోడు కూడా వాడటానికి భయపడతాడు. ఎన్‌డి అని ఇంకొకటి ఉంటాది, మార్చకూడదు అని, లూప్స్‌కు అది పెట్టడంలో అర్థమే లేదు.

ముఖ్యమైన సంగతి, ఈ లైసెన్స్ ఒకసారి ఇచ్చినాక వెనక్కి తీసుకోలేరు. మీరు ఫైల్ డిలీట్ చేసినా, అప్పటికే తీసుకున్నవాళ్ళ హక్కు పోదు. అందుకే ఒకరాత్రి ఆగి, పొద్దున్నే ఇంకొకసారి విని అప్పుడు పెట్టండి.

10. అప్‌లోడ్, ఆ తర్వాత

ఎఫెక్ట్స్‌కు, ఫీల్డ్ రికార్డింగ్స్‌కు ఫ్రీసౌండ్ మంచి చోటు. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా యూనివర్సిటీ వాళ్ళు 2005లో మొదలుపెట్టింది, పైన చెప్పిన మూడు లైసెన్సులే అక్కడ ఉంటాయి, కనీసం 3 ట్యాగులు ఉండాల, మనుషులు విని ఓకే చేసినాకే బయటికి వస్తాది. పూర్తి పాటలు తీసుకోరు, లూప్స్, శాంపిల్స్ సరే. మ్యూజిక్ లూప్స్‌కే అయితే లూపర్‌మ్యాన్ సైట్ ఉంది. యాడ పెట్టినా ముందు వాళ్ళ రూల్స్ పేజీ మొత్తం చదవండి, 10 నిమిషాల పనే.

మొదటిసారే 80 ఫైళ్ళు వేయొద్దండి. 5 పెట్టండి, అవి ఓకే అయినాక మిగతావి. ఒకే చోట పట్టినవన్నీ ఒక ప్యాక్‌లో పెడితే వెతికేవాళ్ళకు సులువు.

ఎవరైనా “క్లిక్ వస్తాంది” అని రాస్తే థ్యాంక్స్ చెప్పి, సరిచేసిన ఫైల్‌ను వెర్షన్ 2 అని కొత్తగా పెట్టండి. పాతదాన్ని తీసేయొద్దండి, దాని లింక్ ఎవరో ఒకరు క్రెడిట్స్‌లో రాసుకోని ఉంటారు, పాతదాని వివరణలో కొత్తదాని లింక్ ఇస్తే చాలు.

ఇంక చివరిది, కంటెంట్ ఐడీ, అంటే వీడియోల్లో వేరేవాళ్ళ సౌండ్ ఉందేమో యూట్యూబ్ తానే పట్టుకునే ఏర్పాటు. మీ లూప్ ఎవరో ఒకరు పాటలో పెట్టుకోని, ఆ పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో రిజిస్టర్ చేస్తారు. అప్పుడు మీ లూప్‌నే వాడిన ఇంకొక అమ్మాయికి, ఒక్కోసారి మీకే, కాపీరైట్ క్లెయిమ్ వస్తాది. అందరికీ ఇచ్చేసిన లూప్ ఏ ఒక్కరి సొంతమూ కాదు కాబట్టి దాన్ని అట్ల రిజిస్టర్ చేయకూడదు, మీరూ మీ డిస్ట్రిబ్యూటర్ (మీ పాటలను సైట్లకు చేర్చేవాళ్ళు) ద్వారా ఆ పని చేయొద్దండి. క్లెయిమ్ వస్తే డిస్ప్యూట్ పెట్టడానికి ఇవి మీ దగ్గరుండాల:

- కోయని అసలు రికార్డింగ్, తేదీతో సహా
- ప్రాజెక్ట్ ఫైల్
- అప్‌లోడ్ పేజీ లింక్, లైసెన్స్, తేదీ కనపడే స్క్రీన్‌షాట్
- వాయించినవాళ్ళ ఒప్పుకోలు రికార్డింగ్

ఇవన్నీ ఒక్కొక్క ప్యాక్‌కు ఒక ఫోల్డర్ చేసి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి పెట్టుకోండి. పోయిన ఎండాకాలం ఒక తమ్ముడు తన సొంత ఫ్లూట్ లూప్‌కే క్లెయిమ్ వచ్చిందని ఫోన్ చేస్తే, అసలు రికార్డింగ్ ఫోన్ ఫార్మాట్‌లో పోయింది, ప్రాజెక్ట్ ఫైల్ దొరికింది కాబట్టి దాని స్క్రీన్‌షాట్లు, అప్‌లోడ్ తేదీ కలిపి పంపినాడు, రెండు వారాలకు క్లెయిమ్ తీసేసినారు.